సాయంత్రానికి వంగే కాలు

పావు బిళ్ళ మింగేసింది. నోరు తెరిపించి నాలుక కింద కూడా చూశాను, ఎక్కడా అంటుకుని లేదు, లోపలికి వెళ్ళిపోయింది. గంటసేపు ఆగి నిలబెట్టి చూద్దామని చెప్పి క్రిస్టినా డాక్టరమ్మ వేరే వార్డుకి వెళ్ళింది. గంట అంటే ఎంత, కట్టెలు పచ్చివైతే గంటలో అన్నం కూడా ఉడకదు. రేపు పొద్దున్న పెద్ద డాక్టరు గారు నా కూతురి ఎడమ కాలి మడమ వెనక నరం కోసి సాగదీస్తారు, కాగితం మీద మా ఆయన సంతకం పెట్టేశారు కూడా. ఈ గంటలో ఆ మడమ నేలకి దిగితే కొయ్యరు, దిగకపోతే కోస్తారు. అంతే సంగతి, అంతకంటే ఏమీ లేదు. సత్యశ్రీ వరండాలో బల్ల మీద గోడకి ఆనుకుని రెండు కాళ్ళూ చాపుకుని కూర్చుంది. ఆరేళ్ళ పిల్ల. ఎడమ పాదం లోపలికి మెలితిరిగి, మడమ పైకి లాగేసి, వేళ్ళు కిందికి ముడుచుకుని ఉంది, ఎవరో కనపడని చేత్తో బట్ట పిండుతున్నట్టు. పొద్దున్న ఇలా లేదు. పొద్దున్న ఆ పాదం అందరి పిల్లల పాదంలాగే ఉంది. మధ్యాహ్నం అన్నం తిన్న దగ్గర్నుంచి మొదలవుతుంది, పొద్దు వాలేసరికి ఇదిగో ఇలా. కుడి కాలు సంగతి వేరు, దాన్ని నిరుడే కోశారు.

"అమ్మా, బిళ్ళ ఇప్పుడు ఎక్కడుంది?"

"కడుపులో."

"తలలోకి వెళ్తుందంది కదా డాక్టరమ్మ. ఎలా వెళ్తుంది, నిచ్చెనేసుకునా?"

"నువ్వు మాట్లాడకుండా ఉంటే వెళ్తుంది."

"మాట్లాడితే జారిపోద్దా?"

నవ్వొచ్చింది, నవ్వితే ఏడుపొస్తుందని భయమేసి కొంగుతో దాని మూతి తుడిచాను. తలలోకి వెళ్తుందట. తల మధ్యలో, బాగా లోతున, ఒక చార ఉంటుందట, పెద్దవాళ్ళకి నల్లగా ఉంటుందట గానీ పసిపిల్ల పుట్టినప్పుడు అది ఇంకా నల్లగా ఉండదట, పుట్టాక ఏళ్ళ మీద మెల్లమెల్లగా రంగు పట్టుకుంటుందట. అక్కడుండే కణాలు డోపమైన్ అనే దాన్ని తయారుచేస్తాయి, కాలు ఎత్తాలన్నా దించాలన్నా అది కావాలి అంది డాక్టరమ్మ. ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను. కణం నాకు తెలుసు, ఎనిమిదో తరగతి సైన్సులో గుండ్రంగా బొమ్మ గీసి మధ్యలో చుక్క పెట్టాను, ఆ బొమ్మ పూర్తయ్యేలోపే బడి మానేసి కడియం నర్సరీలో సంచులకి మట్టి నింపడానికి వెళ్ళాను, చుక్క పేరు గుర్తులేదు. బిడ్డ పుట్టిందంటే లోపల అన్నీ తయారైపోయి పుడుతుందనుకున్నాను నేను, కాళ్ళూ చేతులూ వేళ్ళూ గోళ్ళూ లెక్క చూసుకున్నాను కదా మంత్రసాని చేతుల్లోనే. కాదట. పుట్టేసరికి పని అయిపోదమ్మా అంది. ఆ కణాలు పుట్టాకే దారాల్లాంటి పోగులు చాపుకుంటూ చేరాల్సిన చోటికి పాకుతాయి, పాకి, అక్కడ కొమ్మలు వేస్తాయి, చేరినవి బతుకుతాయి, చేరలేనివి వాటంతట అవే చచ్చిపోతాయి. అది రోగం కాదు, పద్ధతే అంత, అవసరమైనవాటి కంటే ఎక్కువ పుడతాయి కాబట్టి కొన్ని పోవాలి. ఆవిడ మామూలుగా చెప్పింది. నేను మాత్రం సంచుల వరసల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాను ఆ మాట వింటుంటే, ఒక్కో సంచిలో రెండేసి గింజలు వేస్తాం, రెండూ మొలిస్తే ఒకదాన్ని పీకేస్తాం, ఏది పీకాలో ఆలోచించం, వేళ్ళకి ఏది అందితే అది. పీకిన మొలకని పక్కన పారేసి తర్వాతి సంచికి జరుగుతాం. ఎవరు పీకుతారు తల లోపల, ఎవరి వేళ్ళు.

ఎప్పుడు జరుగుతుందండి అదంతా అని అడిగాను. పుట్టిన కొత్తలోనే చాలావరకూ, ఆ తర్వాత కూడా చిన్నతనమంతా జరుగుతుంది, మనుషుల్లో సరిగ్గా ఎప్పుడో ఇంకా పూర్తిగా తెలీదు, ఎలుక పిల్లల్లో చూశారు అంది. ఎలుక పిల్లలు. కొబ్బరి పొట్టు కుప్ప పారతో లాగినప్పుడు ఒకసారి బయటపడ్డాయి, వేలు మందం కూడా లేవు, గులాబీ రంగులో, కళ్ళు మూసుకుని, ఒకదాని మీద ఒకటి పాకుతూ. మా అత్త లోవమ్మ పార వెనక్కి తిప్పి ఒక్కటి వేసింది, నేను మొహం తిప్పుకున్నాను, అప్పటికి సత్యశ్రీ కడుపులో ఉంది, కడుపుతో ఉన్నది చూడకూడదని అత్తే అరిచింది. వాటి తలల్లో కూడా అప్పుడు పోగులు పాకుతూనే ఉన్నాయన్నమాట, దారి వెతుక్కుంటూ, పార పడే క్షణం దాకా. ఛీ, ఇలాంటివి ఇప్పుడు తలుచుకోకూడదు. మంచివి తలుచుకోవాలి. మంచివంటే ఏమున్నాయి. పుట్టిన కొత్తలో అంటే మాకు తుపాను. తొంభయ్యారు తుపాను. నేను పురిటి మంచం మీద ఉన్నాను, పిల్ల పసుపు ముద్దలా ఉంది కామెర్లతో, పొద్దుటెండలో కాసేపు చూపించమన్నారు, ఎండలో పెడితే నల్లబడిపోద్దని మా అత్త గుమ్మం దాటనివ్వలేదు, ఆ మర్నాటికి అసలు ఎండే లేదు. గాలి. రేకులు లేచిపోతున్న చప్పుడు. నర్సరీ నెట్లు చెట్ల మీద ఎక్కడెక్కడో చుట్టుకుపోయాయి, ఇంట్లోకి నీళ్ళొచ్చి మంచం కోళ్ళకి తగిలాయి, రోజుల తరబడి కరెంటు లేదు, చీకట్లో పిల్ల నోటికి పాలు తగిలించడానికి తడుముకునేదాన్ని, బుగ్గకి తగిలేది, కంటికి తగిలేది, అది ఏడ్చేది. ఆ చీకట్లో, ఆ గాలిలో, దాని తలలో పోగులు బయల్దేరి ఉంటాయి. ఎక్కడికి వెళ్ళాలో వాటికి ఎవరు చెప్తారు. బిడ్డకి పాల దారే తెలియనప్పుడు. ఆ రోజుల్లో దారి తప్పాయాండి అని అడిగితే డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, కాదమ్మా, తుపానుకీ దీనికీ సంబంధం లేదు, మీ పాలకీ లేదు, ఎండకీ లేదు, ఇది పుట్టుకతో రక్తంలో రాసి ఉండేది అంది. రక్తం ఎవరిది మరి. అది అడగలేదు.

తుపాను వెలిశాక నర్సరీలో నిలబడ్డ మొక్క లేదు. మర్నాడు తెల్లారగట్ల మా అత్త చీర పైకి దోపుకుని బురదలో వరసల వెంట తిరిగింది, బతికేదేదో చచ్చేదేదో ఏరడానికి ఆవిడనే పిలుస్తారు ఓనరు గారు. పొద్దున్నకి తలెత్తిన మొక్కని ముట్టుకోకండి, మధ్యాహ్నం వాడితే వాడనీ, పొద్దున్నకి లేచిందంటే దాని వేరు బతికే ఉంది. పొద్దున్న కూడా వాలిపోయి ఉంటే అది కుళ్ళింది, పారేయండి అంది. ఆ మాట మా ఇళ్ళల్లో వేదం. నిజమే కూడా, ఒక్క మొక్క విషయంలో కూడా ఆవిడ మాట తప్పగా నేను చూడలేదు. అందుకే సత్యశ్రీకి నాలుగేళ్ళప్పుడు సాయంత్రం పూట కాలు వంకరపోవడం మొదలైతే ఎవరూ బెంగపడలేదు. నేను పడ్డాను. నేను అన్నిటికీ పడతానని నా మాటకి విలువ లేదు.

"ఒసేయ్ పిచ్చిదానా, పొద్దున్నే చూడు దాన్ని, లేడిపిల్లలా గెంతుతుంది. పొద్దున్న నిలబడ్డదానికి వేరులో రోగముంటదా? ఆటలెక్కువై అలిసిపోతుంది, అంతే. సాయంత్రమయ్యేసరికి చంకెక్కాలని వేషాలు," అనేది మా అత్త.

వేషాలు. ఆ మాట పట్టుకుని దాని నాన్న కూడా ఒకటి రెండుసార్లు చెయ్యి చేసుకున్నారు, నడు, సరిగ్గా నడు, పొద్దున్న నడిచావుగా, ఇప్పుడేమొచ్చింది అని. అది ముడుచుకున్న పాదం మీద రెండడుగులు వేసి పడిపోయి, పడిపోయినందుకు ఇంకా కొడతారేమోనని నవ్వేది. ఆ నవ్వు. పెద్దాపురం మరిడమ్మ జాతరకి మొక్కుకుని తీసుకెళ్ళాం, పగలంతా లైనులో నిలబడి గుడి దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది, జనం మధ్యలో దాని కాలు పాములా చుట్టుకుపోయింది, ఎవరో ముసలాయన అయ్యో కుంటిపిల్ల, దారివ్వండర్రా అన్నాడు. అందరూ జరిగి దారిచ్చారు. కుంటిపిల్ల అనే మాట మొదటిసారి అక్కడ విన్నాను, దర్శనం తొందరగా అయింది.

ఆ తర్వాత క్యాంపు. ఎవరో పెద్దమనుషులు కలిసి వంకర కాళ్ళ పిల్లలకి ఉచితంగా ఆపరేషన్లు చేయించారు. మొదటిరోజు పొద్దున్నే వెళ్ళాం, పిల్లని నడిపించమన్నారు, అది చక్కగా నడిచింది, బల్ల దగ్గర కూర్చున్నాయన నవ్వి, ఏంటయ్యా బాబూ, కాళ్ళున్న పిల్లల్ని కూడా తెచ్చేస్తున్నారు, వెనక నిజంగా కష్టమున్నవాళ్ళు నిలబడ్డారు, జరగండి అన్నాడు. మా ఆయనకి తల తీసేసినట్టయింది. మా ఆయన పేరు దొరబాబు, పేరులో ఉన్నంత దొరతనం ఎక్కడా లేదు, లారీలకి మొక్కలెక్కించే కూలి. అందరి ముందూ అబద్ధాలకోరులా నిలబెట్టారని ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు ఆయనే ఉపాయం చెప్పారు. లారీ వచ్చే ముందురోజు మేం మొక్కలకి నీళ్ళు ఆపేస్తాం, సంచి తేలికవుతుంది, ఎత్తడం సులువు, మొక్క కాస్త వాడితే వాడుతుంది. అలాగే పిల్లని పగలు పడుకోనివ్వకుండా, ఎత్తుకోకుండా, ఊరంతా నడిపించి, పొద్దు వాలే వేళకి తీసుకెళ్ళారు. రెండు కాళ్ళూ మెలితిరిగిపోయి ఉన్నాయి, కుడిది మరీ ఎక్కువ. ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే బల్ల, అదే ఆయన, పిల్లని గుర్తు కూడా పట్టలేదు, అయ్యో అని పేరు రాసుకున్నాడు. బయటికొచ్చి మా ఆయన నాకు సోడా కొనిచ్చారు. గెలిచినట్టుగా ఉన్నాం ఆ సాయంత్రం. కుడి కాలు కోశారు, పిండికట్టు వేశారు, విప్పారు. విప్పాక పాదం మెలితిరగడం పోయింది గానీ చెప్పు తెగినట్టు టప్ టప్ మని నేలకి కొట్టుకునేది, మునివేళ్ళ మీద లేవలేకపోయేది, పొద్దున్న కూడా. అదీ రోగమే, ఇప్పుడు పొద్దున్నకి కూడా పాకింది, ఎడమ కాలు కూడా త్వరగా చేయించెయ్యాలి అనుకున్నాం. అందుకే ఈ పెద్దాసుపత్రికి వచ్చాం. ఇక్కడికీ సాయంత్రమే తీసుకొచ్చాం.

పొద్దున్న మాత్రం దాచలేకపోయాం, మంచం ఇచ్చాక పొద్దున్న కూడా ఇక్కడే అవుతుంది కదా. ఇవాళ తెల్లారి సత్యశ్రీ గ్లాసు పట్టుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తింది, కుడి కాలు టప్ టప్ మంటున్నా ఎడమ కాలి మీద బొంగరంలా. రాత్రి డ్యూటీ చేసి వెళ్ళిపోతున్న క్రిస్టినా డాక్టరమ్మ, మా ఊరి చర్చిలో పాటలు పాడే ఆడపిల్లల్లా సన్నగా ఉంటుంది, మెడలో ఆ గొట్టం లేకపోతే డాక్టరని ఎవరూ అనరు, ఆగిపోయి చూసింది. రేపు ఎడమ కాలికి ఆపరేషన్ అని రాసింది ఈ పిల్లకేనా అంది. ఆయ్, అవునండి అన్నాను.

"పొద్దున్న ఇలా నడుస్తుందని ఎవరికైనా చెప్పారా?"

"లేదండి."

"ఎందుకమ్మా?"

"పొద్దున్న బాగానే ఉంటదండి. బాగున్నదాని గురించి డాక్టర్లకి చెప్పడం ఎందుకని."

ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి ఎడమ కాలు చూసింది, పాదం ముడుచుకోవడం కళ్ళారా చూసింది. నిద్రలో రాత్రంతా ఆ డోపమైన్ కాస్త ఊరుతుంది, పగలు వాడుకునేసరికి సాయంత్రానికి అడుగంటుతుంది, వయసుతో పాటు పెరగాల్సిన ఊట ఈ పాపకి పెరగలేదు అంది. కణాలు చచ్చిపోలేదనే నా అనుమానం, ఉన్నాయి, పోగులు చేరాల్సిన చోటికి చేరాయి, తయారుచేసుకోవడమే వాటికి చేతకావట్లేదు, ఈ మందు వాటి చేతికి అందిస్తుంది. అందితే కాలు దిగుతుంది. దిగకపోతే... అని ఆగింది. దిగకపోతే అవి లేవన్నమాట. పీకి పారేసిన మొలకల్లో ఉన్నాయన్నమాట. పెద్ద డాక్టరు గారు ఒక్క సాయంత్రం మాత్రం గడువిచ్చారట ఆవిడకి.

మా ఆయనకి నచ్చలేదు. బయట టీ తాగి వచ్చి, మా పక్క మంచం జ్ఞానమ్మ గారు మనవడికి విసురుతూ కూర్చుంటే ఆవిడతో అంటున్నారు, నాకు వినపడాలని.

"పెద్దాయన రేపు కోస్తానంటే ఈ చిన్నావిడ పావు బిళ్ళ తెచ్చిందండి. పావు బిళ్ళకే కాళ్ళొచ్చేస్తే ఇన్ని మంచాలెందుకంట ఇక్కడ?"

"కత్తి ఎక్కడికీ పోదులే బాబూ," అంది జ్ఞానమ్మ గారు విసనకర్ర ఆపకుండా. "ఇవాళ మొద్దుబారినా రేపటికి తెగుద్ది. ఒక్క గంట కూర్చోలేవా, సీటు కింద నిప్పులేమన్నా పోశారా?"

ఆయన కూర్చోలేదు, మెట్ల దాకా వెళ్ళి నిలబడ్డారు. వంతెన మీద రైలు వెళ్తోంది, ఆ చప్పుడు ఎంతకీ అయిపోదు, గోదావరి వెడల్పంతా ఉంటుంది ఆ చప్పుడు. ఆ పాదం వైపు చూడకూడదనుకున్నాను, పాలు చూస్తూ కూర్చుంటే పొంగవంటారు. చూశాను. బొటనవేలు ఇంకా ముడుచుకునే ఉంది. అది కదిలిందా, ఊపిరికి కదిలిందా. వరండా గచ్చు మీద ఎండ పిల్ల మోకాళ్ళ నుంచి మడమల మీదికి జరిగింది. ఇప్పటికి కడుపులో కరిగి ఉంటుంది, రక్తంలోకి దిగి ఉంటుంది, ఆ రక్తం ఎవరిదైతేనేం, పైకి తీసుకెళ్తోంది. ఆరేళ్ళ కిందట చీకట్లో బయల్దేరిన పోగులన్నీ అక్కడ ఖాళీ చేతులు చాపుకుని ఉన్నాయేమో. లేక ఎవరూ లేని ఇంటికి పంపిస్తున్నామేమో బిళ్ళని. తలుపు కొట్టి కొట్టి తిరిగి వచ్చేస్తుందేమో. సత్యశ్రీకి నిద్ర ముంచుకొస్తోంది, పడుకోకు తల్లీ, పడుకుంటే నిద్ర వల్లే బాగైందంటారు, నిద్రపోనివ్వకుండా బుగ్గలు తడుతున్నాను, ఆ క్యాంపు రోజు కూడా ఇలాగే తట్టాను, అప్పుడు వంకరపోవాలని, ఇప్పుడు సరవ్వాలని.

"అమ్మా, నా కాలు దురద పెడుతోంది."

"ఏ కాలు?"

"ఇదిగో." ఎడమ పాదం ఎత్తి చూపించింది. ఎత్తి. మెలి వదిలినట్టుంది, లేదు, నా కళ్ళే, నీళ్ళు అడ్డం. వేళ్ళు ఒక్కొక్కటిగా విచ్చుకోవడం నేను చూడలేదు, చూసేసరికి విచ్చుకుని ఉన్నాయి.

డాక్టరమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది, ఆవిడ వెనకే మా ఆయన. దించండమ్మా కిందికి, చెయ్యి వదలండి అంది. వదల్లేను. వదలండి. వదిలాను. ఎడమ మడమ గచ్చుకి తగిలింది. అంతా తగిలింది, మడమ, పక్కలు, అయిదు వేళ్ళూ, చీకటి పడే వేళకి, రెండేళ్ళలో ఎప్పుడూ తగలని వేళకి. సత్యశ్రీ కిందికి చూసుకుంది, ఎవరి పాదమో చూస్తున్నట్టు. ఒకడుగు వేసింది, ఇంకోటి వేసింది, స్తంభం దాకా వెళ్ళి తిరిగింది. జ్ఞానమ్మ గారు స్తోత్రం ప్రభువా అంది గట్టిగా. డాక్టరమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది, ఉన్నాయమ్మా, మీ పాప కణాలు బతికే ఉన్నాయి, రేపు ఎవరినీ ముట్టుకోనివ్వను, ఇప్పుడే వెళ్ళి సార్‌కి చెప్తాను అంది. మా ఆయన చూస్తున్న వైపు నేనూ చూశాను. ఎడమ కాలు చప్పుడు లేకుండా పడుతోంది. కుడి పాదం వేళ్ళతో నేలని తన్నలేక, మోకాలు కూలబడుతూ, టప్ మంటోంది. మళ్ళీ టప్.

"ఆ కాలికి ఇంకా ఎక్కలేదేమోనండి," అన్నాను. "పావే కదా వేశారు. ఆ కాలికి కూడా ఇంకో పావు వెయ్యండమ్మా."

డాక్టరమ్మ పిల్లని పిలిచి కింద కూర్చుంది. కుడి పాదం ఒళ్ళో పెట్టుకుని, మడమ వెనక కుట్ల గీత మీద బొటనవేలితో నొక్కింది, వేలు మెత్తగా లోపలికి పోయింది. నా చేతిని తొయ్యి పాపా, గట్టిగా తొయ్యి అంది. సత్యశ్రీ మొహం ఎర్రబడేలా తోసింది, వేళ్ళు విచ్చుకున్నాయి, తొడ బిగుసుకుంది, పాదం మాత్రం ఆవిడ అరచేతిలో అలాగే వాలి ఉంది.

"ఎక్కిందమ్మా," అంది డాక్టరమ్మ తలెత్తకుండా. "రెండు కాళ్ళకీ ఎక్కింది. ఈ కాలిది రోగం కాదు, కోత."

"మళ్ళీ నడవనా అమ్మా?" అంది సత్యశ్రీ.

నడు తల్లీ అన్నాను. అది నడిచింది, వరండా ఈ కొస నుంచి ఆ కొసకి, ఆపకుండా, నవ్వుకుంటూ. టప్ మన్న ప్రతిసారీ మా ఆయన కళ్ళు మూసుకుంటున్నారు.